సరోజినీదేవి సీమ ప్రయాణము

మా ప్రాంతమునకు ఉత్తరపు హద్దుగా గోదావరి ప్రవహించుచున్నది. సముద్రము మాత్రము ఇబ్రహీంపట్నమునకు మిక్కిలి దూరము. అయినను దూరప్రయాణమను మాట ఇచ్చటివారికి క్రొత్త కాదు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల నేతపనివారెందరో బొంబాయికిని, భివండికిని పోయి మగ్గముల వద్ద జీవితములు గడిపిరి. 1995లో ఓడ ప్రయాణము నిలిచిపోవు వరకు హజ్ యాత్రికులు బొంబాయి రేవున ఓడ నెక్కుచుండెడివారు. గల్ఫు దేశముల దారియు తెరచుకొనినది. ఇల్లు విడిచి పోవువాని మనస్సు ఎట్లుండునో, గడపలో నిలిచి చూచు తల్లి మనస్సు ఎట్లుండునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పదునారేండ్ల వయస్సున, తనకు ఇష్టము లేకున్నను, చదువు నిమిత్తమై సముద్రము దాటిన ఒక హైదరాబాదు బాలిక కథను మా కళాశాల సోదర సోదరీమణులకు ఈ సంచికలో విన్నవించుచున్నాము. ఆమెయే సరోజినీదేవి.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. తల్లి వరదసుందరీదేవి. వారిది తూర్పు వంగదేశమునందలి బ్రాహ్మణ కుటుంబము. అఘోరనాథులు తమ యౌవనమున తామే సముద్రము దాటి, ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందినవారు. సముద్రయానము చేసినవానిని కులము నుండి వెలివేయు ఆచారము ఇంకను బలముగా నున్న కాలమది. బ్రహ్మసమాజమునందు విశ్వాసముగల ఆ పండితుడు అట్టి భయములను లెక్కింపలేదు. తరువాత వారు నిజాము రాజ్యమునకు వచ్చి ఆంగ్లవిద్యకు పునాదులు వేసిరి. నేటి నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయమును నడిపినది వారే. వారి యింట హిందువులు, ముసల్మానులు, కవులు, రసవాదులు, ఫకీర్లు అను భేదము లేక అందరును కూర్చుండి చర్చలు సాగించుచుండెడివారు. తల్లి బిడ్డలతో హిందుస్తానీలో మాటలాడుచుండెను. వంగదేశపు రక్తము, దక్కను గాలి, ఉర్దూ మాట కలిసిన ఇల్లది.

ఆమె బాల్యమునందలి ఒక సంగతి ముందుగా చెప్పదగినది. సరోజిని ఇంగ్లీషు మాటలాడుటకు ఎంతమాత్రము అంగీకరింపలేదు. ఆమెకు తొమ్మిదేండ్లు నిండిననాడు తండ్రి ఆమెను ఒక గదిలో ఒంటరిగా ఒక దినమెల్ల ఉంచెను. ఆమె ఎరిగిన తండ్రి దండన అది ఒక్కటియే. ఆ గది తలుపు తెరచునప్పటికి మంకుపట్టు వీడినది, ఇంగ్లీషు వచ్చినది. ఆనాటి నుండి ఆమె తండ్రితో మరియొక భాషలో మాటలాడలేదు. తాను కోరని గదిలోనికి పోయి, అందుండి తనకు పనికివచ్చు వస్తువును తీసుకొని బయటికి వచ్చుట ఆమె జీవితమున అది మొదటిసారి. కడపటిసారి కాదు.

పండ్రెండవ యేట ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలై దేశమంతట పేరు పొందెను. కూతురు గణితశాస్త్రజ్ఞురాలో, విజ్ఞానశాస్త్రజ్ఞురాలో కావలెనని తండ్రి కోరిక. కాని ఆ బాలిక బీజగణితపు లెక్క తెగక నిట్టూర్చుచు కూర్చుండినపుడు ఆమె నోట కవిత్వము పలికినది. పదుమూడవ యేట ఆరు దినములలో పదుమూడువందల పంక్తుల కావ్యము వ్రాసెను. జబ్బుపడియున్నది గనుక పుస్తకము తాకరాదని వైద్యుడు కట్టడి చేయగా, అతనిపై కోపముతో రెండువేల పంక్తుల నాటకమును వ్రాసెను. ఆ శ్రమచే ఆరోగ్యము నిలువునా చెడిపోయినది. క్రమమైన చదువు ఆగిపోయినను, పదునాలుగు మొదలు పదునారేండ్ల లోపున ఆమె చదివిన పుస్తకములకు లెక్కలేదు.

ఈ నడుమనే ఆమె జీవితమున మరియొక సంగతి జరిగినది. నిజాము ప్రభుత్వ వైద్యుడైన గోవిందరాజులు నాయుడుగారి యెడ ఆమెకు అనురాగము కలిగెను. ఆయన తెలుగువారు, ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించినవారు, వయస్సున ఆమెకంటె చాల పెద్దవారు, కులమున బ్రాహ్మణేతరులు. సంస్కారవంతులైన ఇంటిలో సయితము ఈ సంబంధము కలతనే కలిగించినది. అదే సమయమున ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు ఆమె ప్రతిభను మెచ్చి, సీమలో చదువుకొనుటకు ఏటికి మూడువందల పౌండ్ల విద్యార్థివేతనమును, దారి ఖర్చులను మంజూరు చేసిరి. ఆ కాలమున అట్టి అవకాశము మగపిల్లలలోనే కొలదిమందికి లభించుచుండెను. ఒక ఆడుపిల్లకు లభించుట అద్భుతమే. అయినను ఆమె ఆ ప్రయాణమును కోరుకొనలేదు. ఆమెకు ప్రియమైనది హైదరాబాదులో నుండగా ఆమెను పంపిరి. సంవత్సరము 1895.

ఆ దినములలో హైదరాబాదు నుండి సీమకు పోవుటయన, వాడి జంక్షను మీదుగా రైలుబండిలో బొంబాయి చేరి అచ్చట పొగయోడ నెక్కుట. హైదరాబాదును వాడితో కలిపిన రైలుమార్గము 1874లో ఏర్పడినది. సూయజు కాలువ 1869లో తెరువబడిన పిమ్మట, ఆఫ్రికాఖండమును చుట్టివచ్చు నెలల ప్రయాణము సుమారు మూడు వారములకు తగ్గినది. నేడు బొంబాయి పోయినవారు తప్పక చూచి వచ్చు గేట్‌వే ఆఫ్ ఇండియా అప్పటికి లేదు. దాని కట్టడము 1924లో గాని పూర్తి కాలేదు. ప్రయాణికులు అపోలో బందరున చిన్న పడవ నెక్కి, లోతునీటిలో లంగరు వేసియున్న పెద్ద ఓడను చేరుచుండిరి.

అట్టి ఓడపై మొదటి దినమును మనము ఒక్కసారి మనస్సున తలచుకొందము. సాగనంప వచ్చినవారు గంట మ్రోగగనే పడవలలో తిరిగి పోవుదురు. లంగరు పైకి లేచును. కొలాబా కొనయందలి దీపస్తంభము వెనుకబడును. కొంతసేపటికి గట్టు గీతవలె సన్నగిల్లి మాయమగును. బొగ్గుపొగ వాసన, యంత్రముల ఎడతెగని చప్పుడు, కాలి క్రింద నిలువని నేల, కడుపులో వికారము. పై అంతస్తున తెల్లదొరల కుర్చీలు. క్రింద కొలిమివంటి యంత్రశాలలో బొగ్గు త్రోయువారును, త్రాళ్లు లాగు ఖలాసీలును, భోజనములు వడ్డించు గోవావారును మన దేశస్థులే. భోజనపు బల్ల వద్ద క్రొత్త మర్యాదలు. ఎదురుగా ఏడెన్, ఎర్రసముద్రము, సూయజు, మధ్యధరా సముద్రము. ఈ సమస్తమును దాటినగాని పుస్తకపు మొదటి పుట తెరువబడదు.

ఆమెకంటె ఏడేండ్లు ముందు, 1888 సెప్టెంబరు 4వ తేదీన, అదే బొంబాయి నుండి పదునెనిమిదేండ్ల గుజరాతీ యువకు డొకడు న్యాయశాస్త్రము చదువుటకై ఓడ నెక్కెను. ఆయనను కులపెద్దలు వెలివేసిరి. ఓడలో ఇంగ్లీషు మాటలాడుటకు సిగ్గు, కత్తి చెంచా పట్టుకొనుటకు బెదరు. అందుచే భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చుకొనిన మిఠాయిలు, పండ్లు తన గదిలోనే తినుచుండెను. ఆ యువకుడే మోహనదాస కరంచంద గాంధి. గొప్పవారి మొదటి ప్రయాణములు కూడ ఇట్టి చిన్న చిన్న భయములతోనే మొదలైనవని తెలిసినపుడు మనవంటివారికి ధైర్యము కలుగును.

సీమలో సరోజిని మొదట లండనులోని కింగ్సు కళాశాలలో, పిదప కేంబ్రిడ్జిలోని గర్టను కళాశాలలో చదివెను. గర్టను స్త్రీలకొరకు వెలసిన కళాశాల. కాని అచ్చట చదివి పరీక్షలలో నెగ్గిన స్త్రీలకు విశ్వవిద్యాలయము పట్టము లిచ్చుట లేదు. ఇయ్యవలెనను ప్రతిపాదనను 1897లో అచ్చటి పెద్దలు త్రోసిపుచ్చిరి. ఆ దినమున మగ విద్యార్థులు వీధులలో సంబరములు చేసికొనిరి. 1948 వరకు కేంబ్రిడ్జి స్త్రీలకు సంపూర్ణమైన పట్టము లభింపలేదు. స్త్రీవిద్య విషయమున మన దేశమే వెనుకబడినదని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది. సరోజిని ఆరోగ్యము అచ్చటి చలికి మరల చెడినది. ఆమె కొంతకాలము ఇటలీలో సంచరించి, ఏ పట్టమును లేకయే 1898 సెప్టెంబరులో హైదరాబాదు చేరెను.

అట్లయిన ప్రభువు వెచ్చించిన ధనము వ్యర్థమైనదా? లోకము పట్టమును చూచి చదువును కొలుచును గనుక ఈ ప్రశ్న సహజమే. సరోజిని లండనులో నున్నపుడు ఎడ్మండు గాస్ అను విమర్శకునకు తన కవితలను చూపెను. అందు ఆంగ్లదేశపు పక్షులు, ఆంగ్లదేశపు పూవులు, ఆంగ్లకవుల మాటలు నిండియుండెను. ఆయన నిర్మొగమాటముగ, ఈ అనుకరణ విడిచి నీ దేశపు కొండలను, తోటలను, దేవాలయములను, ప్రజలను గూర్చి వ్రాయుమని బోధించెను. పదునారు పదునేడేండ్ల పిల్లకు తాను వ్రాసినదెల్ల ప్రక్కకు త్రోసివేయుట సులభము కాదు. ఆమె త్రోసివేసెను. తన ఊరిని చూచు కన్ను ఆమెకు వేల మైళ్ల దూరమున లభించినది. ఓడ ఆమెకు ఇచ్చినది అది.

రెండవ ఫలము ఆమె నిశ్చయము. మూడేండ్ల ఎడబాటు ఆమె మనస్సును మార్చలేదు. తిరిగివచ్చిన మూడు నెలలకే, 1898 డిసెంబరులో, మద్రాసున 1872 నాటి వివాహ చట్టము ననుసరించి ఆమె గోవిందరాజులు నాయుడుగారిని పెండ్లాడెను. ఆ వివాహమును జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. దేశమున చాలమంది నోరు నొక్కుకొనిరి. కన్నవారు మాత్రము ఆశీర్వదించిరి. పదునారేండ్ల నాడు ఇతరుల మాటపై ఓడ నెక్కిన బాలిక, పందొమ్మిదేండ్లకు తన మాటపై తాను నిలిచినది.

1905లో లండనున ఆమె మొదటి కవితాసంపుటి "ది గోల్డెన్ త్రెషోల్డ్", అనగా బంగారు గడప, ప్రచురింపబడినది. దానిని ఆమె ఎడ్మండు గాస్‌కే అంకితము చేసెను. అందు పల్లకి మోయువారు, తిరుగలి విసరు స్త్రీలు, కోరమండల తీరపు జాలరులు, గోరింటాకు, హైదరాబాదు సాయంకాలము, రంజాను దర్బారులో నిజాము ప్రభువునకు సమర్పించిన కవిత, అన్నియు కలవు. ఉదయమున శిశువునకు ఉడుపులు, మాపటివేళ వధువునకు మేలిముసుగు, చల్లని వెన్నెలలో శవమునకు వస్త్రము నేయు సాలెవారిపై కూడ ఒక కవిత కలదు. సిరిసిల్ల మగ్గముల చప్పుడు వినుచు పెరిగినవారికి ఆ కవితను విప్పి చెప్పవలసిన పని లేదు.

ఆమె తరువాతి జీవితము దేశచరిత్రలో భాగము. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచినపుడు బాధితులకు చేసిన సేవకు ప్రభుత్వము కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. జలియన్‌వాలాబాగు దురంతము తరువాత ఆమె దానిని తిరిగి ఇచ్చివేసెను. 1925లో కాన్పూరున కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన తొలి భారతీయ మహిళ ఆమెయే. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహమును నడిపి చెరసాలకు పోయెను. 1931 ఆగస్టు 29వ తేదీన బొంబాయి రేవునుండి రాజపుతానా అను ఓడ బయలుదేరినది. అందు రౌండు టేబులు సమావేశమునకు పోవు గాంధీమహాత్ముడును, సరోజినీదేవియు నుండిరి. భోజనశాలకు పోవ సిగ్గుపడిన నాటి యువకుడు, ఇష్టము లేక ఇల్లు విడిచిన నాటి బాలిక, ఈసారి దేశము పక్షమున మాటలాడుటకు ఒకే ఓడలో పోవుచుండిరి.

1942లో ఆమె మహాత్మునితో పాటు ఆగాఖాను భవనమున బందీగా నుండెను. స్వాతంత్ర్యము రాగానే సంయుక్త రాష్ట్రములకు గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నో నగరమున కన్ను మూసెను. హైదరాబాదులో ఆమె నివసించిన ఇంటికి ఆ కావ్యము పేరే నిలిచినది. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలి దినములలో ఆ గడపలోనే పాఠములు ప్రారంభించినది.

మా కళాశాలలో ఉర్దూ మాటలాడు వారును, తెలుగు మాటలాడు వారును ఒకే బల్లపై కూర్చుండి చదువుచున్నారు. వీరిలో కొందరు రేపు విమానములపై దూరదేశములకు పోవుదురు. కొందరు ఆడపిల్లలకు కరీంనగరు బస్సు ఎక్కుటయే సముద్రయానమంత కష్టము. పోవువారు భయపడుదురేని అందు సిగ్గు లేదు. సాగనంపు పెద్దలకు మాత్రము మాదొక మనవి. అఘోరనాథులు కూతురు గణితజ్ఞురాలు కావలెనని కోరిరి. ఆమె కవి యయ్యెను. వేరొకరిని మరచుటకై పంపబడినదని లోకము తలచినది. ఆమె మరువలేదు. పట్టము తెచ్చునని ఎదురుచూచిరి. వట్టి చేతులతో వచ్చెను. అయినను ఆ తండ్రి ఇంటి తలుపు ఆమెకు మూయబడలేదు. బిడ్డను ఓడ నెక్కించుట ఎంత అవసరమో, ఆ బిడ్డ తెచ్చినదానిని తెచ్చినట్లు స్వీకరించుటయు అంత అవసరమని ఆ ఇంటి నుండి మేము నేర్చుకొనుచున్నాము.