పెద్దమ్మ మందుచీటీలో సుబ్బారావుగారు

2001లో, నేను తొమ్మిదో క్లాసులో ఉండగా మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయింది. గడ్డ తీసేశాక మళ్ళీ ఈ మందులెందుకని ఆవిడ గోల. కంటికి కనపడని కణాలు ఒంట్లో మిగిలుంటే వాటి పని పట్టడానికట! గడ్డ పెద్దదైతే, అది చిక్కడానికి ఆపరేషన్‌కి ముందే ఇవ్వడమూ ఉందిలెండి. చీటీలో మూడు మందులుండేవి. వాటిలో మెథోట్రెక్సేట్ మన భీమవరం ఆయన చలవేనని నాకు పెళ్ళయ్యాకగానీ తెలియలేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న పుట్టారు. పదమూడేళ్ళప్పుడు కాశీలో అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని ఇల్లొదిలి పోతే, తల్లి వెంకమ్మగారు వెనక్కి పిలిపించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పినా ఆవిడ వదల్లేదు. సన్యాసం పుచ్చుకుంటానంటే ససేమిరా అన్నారు. నాకైతే ఈ కథలో అసలు మనిషి ఆవిడే.

మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. భార్య శేషగిరిగారిని ఇక్కడే ఉంచి, మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిళ్ళు చాకిరీ చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు.

సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో పోయిన దుఃఖం ఆయన్ని వదల్లేదు. దానికి మందు వెతుకుతూనే, 1945 నాటికి లెడర్లీ కంపెనీలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్ తయారుచేయించారు. కడుపుతో ఉన్నప్పుడు మనమంతా మింగే మాత్రే! కణం రెండుగా చీలాలంటే అది కావాలి. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ కోరిక మీద, చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండి కణాన్ని మోసంచేసే మందులు ఆయన ప్రయోగశాలలో తయారయ్యాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అయితే జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర కూడా గబగబా పెరిగేవే కనక వాటికీ దెబ్బ తగులుతుంది. పెద్దమ్మ నోరంతా పూసి పెరుగన్నం కూడా మింగలేకపోయేది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన గుండెపోటుతో పోయారు. ఈ మందు రొమ్ము క్యాన్సర్‌పై పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ అనే డాక్టరమ్మ చూపించారు. ఆపరేషన్ తర్వాత మూడు మందులూ కలిపిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ డాక్టర్ బొనడొన్నా తేల్చారు. ఇప్పుడు కొత్త మందులొచ్చి దీని వాడకం తగ్గింది.

ఇదంతా చెబితే పెద్దమ్మ ముందడిగింది ఆయన భార్య గురించే. ఆయన మళ్ళీ ఇండియా రానేలేదన్నాను. పెద్దమ్మ తన పొట్టి జడ సవరించుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.