మహాశిల్పి సినాన్

క్రొత్త కట్టడాలు కట్టినవారి పేర్లు చరిత్రలో నిలుస్తాయి. కూలనున్న కట్టడాన్ని సకాలంలో గుర్తించి నిలబెట్టినవారి పేర్లు మాత్రం అరుదుగా వినవస్తాయి. తప్పిపోయిన ప్రమాదానికి సాక్షులు ఉండరు గదా! ఈ రెండు విధాలా స్మరింపదగిన మహనీయుడు ఉస్మానియా తురుష్క సామ్రాజ్య ప్రధాన వాస్తుశిల్పి సినాన్.

ఆయన సుమారు 1490లో అనటోలియాలోని కైసరీ పట్టణ సమీపాన, అగిర్నాస్ అనే గ్రామంలో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో సుల్తాను కొలువుకు తీసుకోబడి, ఇస్లాం స్వీకరించి, జానిసారీ సైన్యంలో చేరాడు. 1521లో బెల్‌గ్రేడ్, 1526లో మొహాచ్ దండయాత్రలలో పాల్గొన్నాడు. వాన్ సరస్సుపై నడవడానికి నావలు కట్టించాడు. 1538లో ప్రూత్ నదిపై సైన్యం దాటడానికి వంతెన నిర్మించాడు. ఆ దరిదాపులలోనే ప్రధాన వాస్తుశిల్పి పదవి ఆయనను వరించింది. సులేమాన్, రెండవ సలీం, మూడవ మురాద్ అనే ముగ్గురు సుల్తానుల కాలంలో, 1588లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. మసీదులు, మదర్సాలు, వంతెనలు, నీటి కాలువలు కలిపి మూడువందలకు పైగా నిర్మాణాలు ఆయన పేరిట ఉన్నాయి.

ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా ఆయనకు గురువూ, ప్రత్యర్థీ కూడా. క్రీ.శ. 537లో చర్చిగా పూర్తయిన ఈ మహామందిరం 1453లో మసీదుగా మారింది. దాని గుమ్మటం వెడల్పు దాదాపు 31 మీటర్లు. అంతటి గుమ్మటం బరువు క్రిందికి మాత్రమే దిగదు. గోడలను వెలుపలికి కూడా నెడుతుంది. తూర్పు పడమరలలో అర్ధగుమ్మటాలు ఆ త్రోపుడును కాచుకొంటాయి. ఉత్తర దక్షిణాలలో అట్టి ఆధారం లేదు. కనుకనే భూకంపాల తాకిడికి 558లో గుమ్మటం కూలింది. 989లో, 1346లో కొంతకొంత భాగం పడిపోయింది. సినాన్ ఆ నగరంలో అడుగు పెట్టడానికి కొన్నేండ్ల ముందు, 1509లో, మరొక ఘోర భూకంపం ఇస్తాంబుల్‌ను వణికించింది.

1573లో సుల్తాన్ సలీం సినాన్‌ను వెంటబెట్టుకొని ఆ కట్టడాన్ని పరిశీలించాడు. అప్పటికి సినాన్‌కు ఎనుబది ఏండ్లు దాటాయి. అయా సోఫియాను మించాలన్న సంకల్పంతో ఎదిర్నేలో ఆయన కడుతున్న సలీమియా మసీదు పూర్తికావస్తున్నది. అట్టి సమయంలో ఆయన పాత కట్టడపు రక్షణకు పూనుకొన్నాడు. మొదట గోడలను అంటుకొని వెలసిన ఇండ్లను తొలగించాలని నిర్ణయమైంది. చుట్టూ ఖాళీ స్థలం లేనిదే గోడలకు ఊతమివ్వడం సాధ్యం కాదు. ఆ తరువాత, పాత ఊతగోడలను బాగుచేసి, అవసరమైన చోట్ల క్రొత్తవి కట్టి, వెలుపలికి ఒరిగే గోడలను అదుపు చేయాలన్నది ప్రణాళిక.

ఇండ్ల తొలగింపుకు అభ్యంతరాలు వచ్చాయి. అన్యమతస్థులు కట్టినదానికి ఇంత శ్రమ ఎందుకన్న మాటా వినిపించింది. ధర్మాధికారి ఫత్వా ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. 1574లో సలీం మరణించినా, మురాద్ కాలంలో పని కొనసాగింది.

ఆ తరువాత కూడా మరమ్మతులు అవసరమయ్యాయి. 1847–49లో ఫొస్సాతి సోదరులు గుమ్మటానికి ఇనుప పట్టీ బిగించారు. 1766, 1894 సంవత్సరాలలో భూకంపాలు నగరాన్ని కుదిపివేసినా గుమ్మటం కూలలేదు. ఆ యశస్సు సినాన్ ఒక్కనిదే కాదు, తరతరాల శిల్పులది. కాని భూమి కంపించకముందే బలహీనతను గుర్తించి, ఎవరు కట్టారని అడగక, దాని నీడలో నిలిచే ప్రాణాలను తలచి పూనుకొన్నవాడు ఆయన.

విద్యార్థులారా! భూకంపాన్ని ఆపగల శక్తి మానవునికి లేదు. గోడను ముందుగా పరీక్షించే బుద్ధిని మాత్రం అల్లాహ్ ప్రసాదించాడు. ఆ బుద్ధిని వినియోగించడమే సినాన్ జీవితం మనకు నేర్పే పాఠం.