కాలం చెల్లిన ఆయుధాలకు కొలువిచ్చిన నవాబు

హైదరాబాద్ వచ్చిన వాళ్ళు చార్మినార్ చూశాక తప్పకుండా అడిగేది సాలార్‌జంగ్ మ్యూజియం గురించే. లోపలికి వెళ్ళిన వాళ్ళు గంట కొట్టే గడియారం ముందు గుమిగూడతారు. మేలిముసుగు వేసుకున్న పాలరాతి రెబెకాను చూసి విస్తుపోతారు. దంతపు కుర్చీల దగ్గర కాసేపు నిలబడతారు. ఆయుధాల గది మాత్రం పిల్లలకే ఇష్టం. పెద్దవాళ్ళు వాళ్ళ చేయి పట్టుకుని గబగబా దాటించేస్తారు. గోడ నిండా కత్తులు, బాకులు, డాళ్ళు, పొడుగాటి తుపాకులు ఉంటాయి. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టేనని చాలామంది అభిప్రాయం. ఆ గదిని కూర్చిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడవ సాలార్‌జంగ్, జీవితం తెలిస్తే అంత తొందరగా దాటబుద్ధి కాదు.

ఆయన పుట్టిన ఇల్లు దివాన్ల ఇల్లు. ఆ వంశానికి పెద్ద అయిన మీర్ ఆలం 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యాన్ని నడిపిన వాడు. అదే వంశం వాడైన మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్, 1853లో ఇరవై నాలుగేళ్ళ వయసులో హైదరాబాద్ రాజ్యానికి దివాన్ అయ్యారు. 1883లో కన్నుమూసే వరకు ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన చేతికి వచ్చేనాటికి ఖజానా ఖాళీ. జీతాలు అందని అరబ్బు, రోహిల్లా దండ్లు ఆయుధాలతో వీధుల్లో తిరిగేవి. రాజ్యానికి అప్పులిచ్చిన అరబ్బు జమేదార్లు తాలూకాలకు తాలూకాలే తాకట్టు పట్టుకుని కూర్చున్నారు. ఆ తాకట్లు విడిపించడం, ఆ దండ్లను తగ్గించడం, ఊరిలో ఆయుధాల చప్పుడు అణచడం ఆయన జన్మంతా చేసిన పని. ఆ పనికి ఆయన ప్రాణాల మీదికి కూడా వచ్చింది. 1859లో ఒకసారి, 1868లో మరోసారి ఆయన మీద కాల్పులు జరిగాయి. అల్లాహ్ దయ వల్ల రెండుసార్లూ బయటపడ్డారు.

ఆ పెద్ద దివాన్ గారి జీవితకాలంలోనే తుపాకి ఎన్నిసార్లు మారిందో గమనించండి. 1829లో ఆయన పుట్టినప్పుడు సిపాయిల చేతుల్లో చెకుముకి తుపాకులు ఉండేవి. ఆ తర్వాత రాగి టోపీ పెట్టి కాల్చేవి వచ్చాయి. ఆయన దివాన్ అయిన 1853 సంవత్సరపు పేరుతోనే ఇంగ్లీషు వాళ్ళ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తయారైంది. 1857లో తూటాల మీది కొవ్వు గురించి అంత గొడవ జరిగింది ఆ తుపాకి విషయంలోనే. 1866 నుంచి వాటినే వెనుక నుంచి తూటా పెట్టేలా మార్చి స్నైడర్ అన్నారు. 1871లో మార్టినీ హెన్రీ వచ్చింది. ఇలా కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతవి వేల లెక్కన పనికిరానివయ్యాయి. నిన్న ప్రాణం తీసిన వస్తువు ఇవాళ పాత ఇనుము. కొన్ని చిన్న సంస్థానాలకు పోయాయి, కొన్ని కోటల కొట్లలో పడ్డాయి. మిగిలినవి తూకానికి వెళ్ళి కొలిమిలో కరిగి నాగళ్ళకు, బండి చక్రాల పట్టాలకు ఇనుము అయ్యాయి.

మన కథానాయకుడు హిజ్రీ 1306 షవ్వాల్ మాసంలో, అంటే 1889 జూన్ 13న, పూనాలో జన్మించారు. తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్, మూడేళ్ళ పాటు దివాన్‌గిరీ చేసి 1887లో దిగిపోయిన వారు. కొడుకు పుట్టి నెల తిరగకముందే, జూలై 7న, ఆయన పూనాలోనే మరణించారు. తండ్రి ముఖం గుర్తులేని ఆ పసివాడికి ఒక పెద్ద ఎస్టేటూ, ఒక పెద్ద పేరూ మిగిలాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ ఎస్టేటును ప్రభుత్వ పర్యవేక్షణలోకి తీసుకుని పిల్లవాడి బాధ్యత స్వీకరించారు.

తర్వాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో మహారాజా కిషన్ ప్రసాద్ స్థానంలో ఈయనను దివాన్ చేశారు. అప్పటికి ఆయన వయసు 23. తాతగారు కూర్చున్న ఆసనం మీద మనవడు నిండా మూడేళ్ళు కూర్చోలేదు. 1914 నవంబరులో పదవి వదిలేశారు. ఆ తర్వాత నిజాం గారు 1919 వరకు మరొక దివాన్‌ను పెట్టకుండా పాలన తామే చూసుకున్నారు. నవాబ్ సాహెబ్ మళ్ళీ రాజకీయాల జోలికి పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. పాతికేళ్ళ వయసు, చేతినిండా డబ్బు, చేయడానికి కొలువు లేదు. అలాంటి వాళ్ళు పాడైపోయిన కథలు మన నగరంలో కొల్లలు. ఈయన మాత్రం మిగిలిన ముప్పై అయిదేళ్ళూ వస్తువులు సేకరించడానికి వెచ్చించారు.

దివాన్ దేవిడీకి దేశ విదేశాల వ్యాపారులు వచ్చేవారు. ఆయనే స్వయంగా యూరప్ వెళ్ళి కొనుగోళ్ళు చేశారు. చిత్రపటాలు, పింగాణీ, చేతి రాత ఖురాన్ ప్రతులు, జేడ్ రాతి పాత్రలు, తివాచీలతో పాటు ఆయుధాలు కూడా చేరాయి. ఆయుధాలు కొనడానికి అది సరైన సమయమే. సైన్యం అంటే బారకాసుల్లో ఉండే యూనిఫారం సిపాయి అని స్థిరపడిపోయింది. అమీర్ల ఇళ్ళ ముందు డాలూ కత్తీ పట్టుకుని నిలబడే జవాన్లు తగ్గిపోతున్నారు. తరాల నాటి ఆయుధాలకు ఇంట్లో పని లేదు. పిడి మీది బంగారు పూత గీక్కుని, వెండి ఒర కరిగించుకుని, మిగిలిన ఇనుమును కబాడీ వాడికి వేయడం ఏ ఊళ్ళోనైనా జరిగేదే. జుమ్మెరాత్ బజార్‌లో తిరిగిన వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆ గదిలోని నాటు తుపాకులనే తీసుకోండి. మన ఉర్దూలో వాటికి చక్కని పేర్లున్నాయి. అన్నిటికంటే పాతది తోడేదార్. తోడా అంటే సూరేకారంలో నానబెట్టి ఆరబెట్టిన నూలు తాడు. దాని కొస నిప్పురవ్వలా మెల్లగా కాలుతూ ఉంటుంది. కింది మీట నొక్కితే ఆ కొస ముందుకు వంగి, గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలోని మందుకు తగులుతుంది. వాన పడితే తోడా ఆరిపోతుంది, చీకట్లో నిప్పు కనబడి శత్రువుకు ఆచూకీ తెలిసిపోతుంది. అయినా మన దేశంలో అది మూడు వందల ఏళ్ళకు పైగా నడిచింది, ఎందుకంటే ఊరి కమ్మరి కూడా దాన్ని బాగుచేయగలడు. తర్వాతది పత్తర్‌కలా. ఇందులో చెకుముకి రాయి ఉక్కు రేకును కొట్టి నిప్పు పుట్టిస్తుంది. ఆపైన టోపీదార్. పేలుడు మందు ఉన్న చిన్న రాగి టోపీని సుత్తి దెబ్బతో పేలుస్తుంది. టోపీ మాత్రం కమ్మరి చేయలేడు, కార్ఖానా నుంచి రావాలి. తుపాకి బాగా పనిచేయడం మొదలుపెట్టిన కొద్దీ దాన్ని పట్టుకున్నవాడు ఎవరో ఒకరి కార్ఖానా మీద ఆధారపడక తప్పలేదు. సంస్థానాలు లొంగిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా ఊహ.

కత్తుల సంగతి ఇంకా లోతైనది. శంషీర్ అనే వంపు కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. దాన్ని జౌహర్ అంటారు. అది పైన గీసిన నగిషీ కాదు, ఉక్కు లోపలి నుంచి వచ్చే గుణం. ఇనుమునూ బొగ్గు పదార్థాన్నీ మట్టి మూసలో పెట్టి, గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చితే అలాంటి ఉక్కు వస్తుంది. అది ఎక్కడో తయారైంది అనుకుంటే పొరపాటు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, నిర్మల్ పరిసరాల్లో మన తెలంగాణ కమ్మరులు దాన్ని తయారుచేశారు. ఇరాన్ వ్యాపారులు కోనసముద్రం దాకా వచ్చి, దగ్గర కూర్చుని ఉక్కు ముద్దలు పరీక్షించి కొనుక్కుపోయేవారని 1820 దశకంలో ఆ ఊరు చూసిన ఇంగ్లీషు వైద్యుడు వోయ్సీ రాసి పెట్టారు. ఉక్కు అన్న మాటే ఇంగ్లీషు వాళ్ళ నోట వూట్జ్ అయిందంటారు. ఇస్ఫహాన్ కత్తి అని మురిసిపోయే దాని ఉక్కు మన ఊరిదై ఉండవచ్చు.

ఇంకో రకం ఫిరంగీ. దాని అలుగు యూరప్‌ది, పిడి మన దక్కన్‌ది. ఓడల్లో వచ్చిన పరాయి అలుగులకు ఇక్కడి కారీగర్లు తమ పిడులు తొడిగారు. ఒక దేశంలో మిగిలిపోయిన అలుగు మరో దేశంలో కొత్త జన్మ ఎత్తడం అప్పటి నుంచే ఉంది. మన బార్కస్ పేటకు ఆ పేరు అరబ్బు సిపాయిలు ఉన్న బారకాసుల వల్లే వచ్చింది. నడుము పట్టీలో గుచ్చుకునే వాళ్ళ వంకర జంబియా కూడా హైదరాబాద్ వాళ్ళకు పరిచయమే.

సేకరించేవాడికి పెద్ద శత్రువు తుప్పు కాదు, అబద్ధం. ఇస్ఫహాన్‌కు చెందిన అసదుల్లాహ్ అనే ఉస్తాద్ పేరు చెక్కిన కత్తులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆయన ఒక్కడే అన్ని చేయాలంటే రెండు మూడు వందల ఏళ్ళు బతికి ఉండాలి. పేరుంటే ధర పెరుగుతుందని తర్వాతి వాళ్ళంతా చెక్కేశారు. నకిలీ జౌహర్ కూడా ఉంది. మామూలు ఉక్కు మీద ఆమ్లంతో చారలు తినిపిస్తారు. ఔరంగజేబ్, టిప్పు సుల్తాన్, ముహమ్మద్ షా, అబుల్ హసన్ తానాషా వంటి ప్రభువుల ఆయుధాలు తమ దగ్గర ఉన్నాయని మ్యూజియం చెబుతుంది. ఇలాంటి చోట నేను కొంచెం నిదానిస్తాను. రాజు పేరు చెప్పి అమ్మని వ్యాపారి ఉంటాడా? టిప్పు సుల్తాన్ కార్ఖానాల తుపాకుల విషయంలో మాత్రం పోల్చుకునే ఆనవాళ్ళున్నాయి. పులి చారల గుర్తు, పులి తల, మౌలూదీ శకం ప్రకారం వేసిన సంవత్సరం వాటి మీద కనిపిస్తాయి. ఏ ప్రభువు పేరూ లేని ఒక మామూలు సిపాయి తోడేదార్ నాకు ఎక్కువ నమ్మకమైన సాక్షి. దాని గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇదంతా దుబారా ఖర్చు కాదా అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్రశ్న సబబైనదే. జాగీరు రాబడి రైతుల చెమట. ఆ డబ్బుతో ఆయన మంచి వస్తువులతో పాటు నాసిరకం వస్తువులు కూడా చాలానే కొన్నారు. నకళ్ళు కొన్నారు. సీసంతో చేసిన బొమ్మ సైనికుల దండ్లు కూడా కొన్నారు, అవి మ్యూజియంలో పిల్లల విభాగంలో ఇప్పటికీ బారులు తీరి ఉన్నాయి. తాత నిజమైన దండ్లను తగ్గించారు, మనవడు బొమ్మ దండ్లను పోగుచేశారు. అయితే ఆయన కొనకపోతే ఆ కత్తుల్లో ఎన్ని కొలిమికి పోయేవో, ఎన్ని సముద్రం దాటేవో ఆలోచించాలి. పింగాణీ పాత్రను ఎవరో ఒకరు దాచుకుంటారు. పాత ఇనుప కత్తిని దాచుకునే వాళ్ళు తక్కువ.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం ముగిసింది. ఆరు నెలలకే, 1949 మార్చి 2న, నవాబ్ సాహెబ్ ఇంతికాల్ అయ్యారు. వయసు అరవై కూడా నిండలేదు. దాయిరా మీర్ మోమిన్‌లో తమ పెద్దల పక్కన ఖననమయ్యారు. భార్యా పిల్లలు లేరు. దూరపు దగ్గరి వారసులు ఎందరో ముందుకు వచ్చారు. షరియత్ వాటాల ప్రకారం పంచితే ఆయుధాల గది ఏమయ్యేది? డాలు ఒకరికి, కత్తి ఒకరికి, ఒర ఇంకొకరికి. పంచుకున్న వాళ్ళు అమ్ముకునేవారు, కొన్నవాళ్ళు లండన్‌కు పంపేవారు. నలభై ఏళ్ళ పని నలభై రోజుల్లో చెల్లాచెదురయ్యేది.

అలా జరగలేదు. ఎస్టేటును చూడటానికి ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ వస్తువులతో మ్యూజియం పెట్టాలని సంకల్పించారు. వేర్వేరు భవనాల్లో చిందరవందరగా పడివున్న వాటిని ఒక వరుసలో పెట్టే పని కళా విమర్శకుడు డాక్టర్ జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అయినా హక్కు ఎవరిదన్న తగవు తేలడానికి మరో ఏడేళ్ళు పట్టింది. 1958లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరి, వారసులు ఆ సేకరణను భారత ప్రభుత్వానికి వదిలిపెట్టారు. వాటా వదులుకున్న ఆ కుటుంబీకుల పేర్లు ఏ గోడ మీదా పెద్ద అక్షరాల్లో లేవు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలోని ఇప్పటి భవనానికి అన్నీ తరలాయి. దివాన్ దేవిడీని తర్వాత చాలా వరకు కూల్చేశారు. దాని కమాన్లు మాత్రం బజారు మధ్య నిలిచి ఉన్నాయి.

ఈసారి వెళ్ళినప్పుడు పొడుగు తుపాకుల గొట్టాన్ని మొదలు దగ్గర, కుడి వైపు చూడండి. చిన్న గిన్నె ఉంటే తోడేదార్ లేదా పత్తర్‌కలా. పైన బిగించిన మీటకు రాయి పట్టే దవడ ఉందా, తాడు దూరే చీలిక ఉందా అన్నదాన్ని బట్టి రెండింటికీ తేడా తెలుస్తుంది. గిన్నె లేకుండా చిన్న ఇనుప మొటిమ ఉంటే టోపీదార్. కత్తిని నిటారుగా కాకుండా ఏటవాలుగా, వెలుతురు పడే వైపు నుంచి చూస్తే జౌహర్ కనిపిస్తుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, కాబట్టి పిల్లల్ని శనివారమో ఆదివారమో తీసుకువెళ్ళండి.