మూడవ సాలార్‌జంగ్ - ఆయుధాల గది

హైదరాబాదులో ఉద్యోగం చేసిన మన సభ్యులలో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివారు ఉండరు. చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకువెళ్ళి, గంట కొట్టే వేళకు గడియారం ముందు కూర్చోబెట్టి, మేలిముసుగు రెబెక్కాను చూపించి తిరిగి వచ్చేవాళ్ళం. ఆయుధాల గదిలో మాత్రం ఎవరమూ అట్టే నిలబడేవాళ్ళం కాదు.

వీటిలో చాలా భాగం చేర్చిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరగకుండానే తండ్రి కాలం చేశారు. తాతగారు మొదటి సాలార్‌జంగ్ ముప్ఫై ఏళ్ళు చేసిన దివానుగిరీ మనవడికి 1912లో లభించింది. 1914లో వదులుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. తక్కిన జీవితమంతా సేకరణకే ధారపోశారు.

ఆయన ఆయుధాలలో వత్తితో పేల్చే తుపాకులు, చెకుముకి తుపాకులు ఉన్నాయి. ఔరంగజేబుకు, టిప్పు సుల్తానుకు చెందినవని చెప్పే ఆయుధాలూ ఉన్నాయి. టిప్పు పేరు చెబితే ఏ వర్తకుడికైనా ధర పెరుగుతుంది, అది వేరే సంగతి!

ప్రభువుల కత్తి మీద పేరు చెక్కించుకునేవారు. సిపాయి తుపాకీకి ఆ భాగ్యం లేదు. కంపెనీ వారి తుపాకీ 1808కి ముందుదైతే హృదయాకారపు ముద్ర, తరువాతిదైతే సింహం ముద్ర ఉంటుంది. 1857 సిపాయిల పితూరీ తరువాత మనవాళ్ళకు గొట్టం లోపల చాళ్ళు లేనివే ఇచ్చారు. 1866 నుంచి పాత ఎన్‌ఫీల్డు రైఫిళ్ళ వెనుక భాగం కోసి, అక్కడి నుంచే తూటా పెట్టేలా మార్చారు. గొట్టం పొట్టి చేస్తే రైఫిలే కార్బైన్ అవుతుంది. కనుక గొట్టం ఒక ఏటిది, మీట మరొక ఏటిది, కర్ర ఏ ఊరి వడ్రంగిదో. ముద్రను బట్టి ఎవరి సర్కారుదో తెలుస్తుంది గాని, ఎవరి భుజాన తిరిగిందో తెలియదు.

మా మేనమామ గారి అటక మీద ఒక పాత తుపాకీ ఉండేది. లైసెన్సు భయంతో ఠాణాలో అప్పగించారు. తాతగారు తెచ్చిందో, ఎవరైనా తాకట్టు పెట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పగలిగిన ముసలమ్మ అంతకు ముందే పోయింది.

నవాబు గారు 1949 మార్చి 2న, అరవై నిండకుండానే మరణించారు. ఏ వస్తువు ఎవరి దగ్గర కొన్నారో, అమ్మినవాడు ఏ కథ చెప్పాడో ఆయన కన్నా ఎరిగినవారు ఎవరుంటారు? 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలాయి. దేవిడీ పాత ద్వారాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.