రైల్వే వర్క్‌షాపు నుంచి పాటల తోటకు – శైలేంద్ర

హాస్టల్ వార్షికోత్సవం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది పాటల పోటీ. పాడినవాళ్లకు చప్పట్లు కొడతాం గానీ రాసినవారి పేరు అడగం. అందుకే ఈసారి హిందీ సినీ కవి శైలేంద్ర గురించి మన తమ్ముళ్లకు చెప్పాలనుకున్నాం.

ఆయన అసలు పేరు శంకర్‌దాస్ కేసరీలాల్. 1923 ఆగస్టు 30న రావల్పిండిలో పుట్టారు. వారిది బీహార్ నుంచి వలస వెళ్లిన దళిత కుటుంబం. తర్వాత మథురలో పెరిగారు. చదువుకునే రోజుల్లో హాకీ ఆడుతుంటే తోటివాళ్లు కులం ఎత్తి ఎగతాళి చేశారనీ, ఆ బాధతో కర్ర విరిచేసి ఆట మానేశారనీ చెబుతారు. ఇది చదివినప్పుడు మాలో చాలామందికి తమ బడి రోజులు గుర్తొచ్చాయి.

బతుకుతెరువు కోసం బొంబాయి చేరి మాతుంగా రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పనిచేశారు. పగలు ఇనుముతో పని, సాయంత్రం కవిత్వం. ఇప్టా సభల్లో తన కవితలు వినిపించేవారు. సమ్మెల కోసం ఆయన రాసిన నినాదం ఉత్తర భారతంలో కార్మికుల నోట నిలిచిపోయింది.

దేశ విభజన సమయంలో పంజాబ్ మంటల్లో కాలిపోవడంపై ఆయన చదివిన కవిత విని, రాజ్‌కపూర్ తన ‘ఆగ్’ సినిమాకు రాయమన్నారు. శైలేంద్ర ఒప్పుకోలేదు. కవిత్వం అమ్మకపు సరుకు కాదనుకున్నారు. కొన్నాళ్లకు భార్య గర్భవతి అయింది, చేతిలో డబ్బు లేదు. అభిమానం పక్కనపెట్టి తానే రాజ్‌కపూర్ దగ్గరికి వెళ్లారు. అలా 1949లో ‘బర్సాత్’కు రెండు పాటలు రాశారు.

ఆ తర్వాత వెనుదిరిగి చూడలేదు. శంకర్-జైకిషన్ సంగీతంలో, హస్రత్ జైపురితో కలిసి ‘ఆవారా’ (1951), ‘శ్రీ 420’ (1955) పాటలు రాశారు. 1954లో ‘ఆవారా’ సోవియట్ యూనియన్‌లో విడుదలై అక్కడా ఆ పాటలు మారుమోగాయి. సలిల్ చౌదరికి ‘మధుమతి’ (1958), ఎస్.డి. బర్మన్‌కు ‘గైడ్’ (1965) రాశారు. ‘ఆహ్’ (1953) మన తెలుగులో ‘ప్రేమలేఖలు’గా వచ్చింది. ఆ బాణీలకు తెలుగు మాటలు కూర్చినవారు ఆరుద్ర. ఉత్తమ గీత రచయితకు ఫిల్మ్‌ఫేర్ ఇచ్చిన మొట్టమొదటి అవార్డు శైలేంద్రదే. మొత్తం మూడుసార్లు అందుకున్నారు. మూడోది ఆయన పోయాక వచ్చింది.

ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ మీద ప్రేమతో ‘తీస్‌రీ కసమ్’ నిర్మించారు. ముగింపు సుఖాంతంగా మార్చమని ఒత్తిడి వచ్చినా మార్చలేదు. 1966లో విడుదలైన ఆ సినిమా ఆడలేదు. అప్పులు, అనారోగ్యం కలిసి అదే ఏడాది డిసెంబర్ 14న, 43 ఏళ్లకే ఆయన్ని తీసుకుపోయాయి. ఆ రోజు రాజ్‌కపూర్ పుట్టినరోజు. తర్వాత ఆ సినిమాకే ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది. ఆయన కులం సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత కుమారుడు రాస్తేగానీ చాలామందికి తెలియలేదు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఫీజు కోసం ఒకరిని అడగాలంటే ఎన్నోసార్లు సిగ్గుపడ్డాం. కాదన్న గుమ్మానికే అవసరంలో తిరిగి వెళ్లిన శైలేంద్ర గౌరవం ఏమీ తగ్గలేదు. తమ్ముళ్లూ, అవసరమైతే అడగండి. మార్చకూడదనుకున్న ముగింపును మాత్రం ఎవరి కోసమూ మార్చకండి.