దోర్నకల్ బిషప్ అజరయ్య: స్థానిక నాయకత్వానికి బాటవేసిన జీవితం

భారత క్రైస్తవ సంఘాలకు భారతీయులే సారథ్యం వహించగలరని ఆచరణలో నిరూపించిన మహనీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో 1874 ఆగస్టు 17న జన్మించిన ఆయన 1905లో శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకరయ్యారు. భారతీయుల ధనంతో, భారతీయుల యాజమాన్యంలోనే అది నడవాలన్నది నియమం.

1909లో గురుపట్టం పొంది, నిజాం సంస్థానంలోని దోర్నకల్ చేరి తెలుగు నేర్చారు. విదేశీ మిషనరీలు భారతీయులను సాటివారుగా, మిత్రులుగా ఆదరించడం లేదని 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. ఆ మాటలు కొందరికి రుచించలేదు. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ చర్చి తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు.

సంఘస్థుల్లో అత్యధికులు నిరుపేద మాల, మాదిగ కుటుంబాలవారు. వారి పల్లెలకు దూరదేశాల గురువులు చాలరని గ్రహించిన అజరయ్య స్థానిక ఉపాధ్యాయులకు, గురువులకు దోర్నకల్‌లో శిక్షణ కల్పించారు. భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పించారు. సంఘ పోషణకు పేదలు సైతం తమవంతు కానుక ఇవ్వాలని బోధించారు.

1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది.