కహాల్ పండితుని జీవితసంగ్రహము

నిప్పు తగిలినతోడనే మన చేయి తనంత వెనుకకు మరలును. వేకువను వల్లించిన పద్యము సాయంకాలమునను జ్ఞాపకమునకు వచ్చును. ఇట్టి పనులు మెదడు, వెన్నుపాము, నాడులవలన జరుగునని పండితులు చాలకాలము క్రిందటనే యెరుగుదురు. కాని మెదడులో నొకతావునుండి మరియొకతావునకు వార్త యెట్లు పోవునో 19వ శతాబ్దము చివరవరకు స్పష్టపడలేదు. అందుకు దారి చూపిన యొక మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచినాము.

శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1852వ సంవత్సరము మే నెల 1వ తేదీన స్పెయిను దేశమున పెటిల్యా యను కొండపల్లెలో జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు; బీదకుటుంబమున పుట్టి స్వయంకృషిచే వృద్ధికి వచ్చినవాడు. కుమారుడును వైద్యుడు కావలెనని యాయన పట్టుదల. కుమారునికో, బొమ్మలు గీయుటయందే ప్రీతి. కాగితము దొరకనిచో గోడలపై గీసెడివాడు. అల్లరియు మెండు. పదునొకండవయేట తాను స్వయముగా చేసిన ఫిరంగితో పొరుగువారి తలుపు పగులగొట్టి, కొన్నిదినములు చెరలో నుండెను. తండ్రి విసిగి, వానిని కొంతకాలము క్షౌరశాలయందును, పాదరక్షలు కుట్టు దుకాణమునందును పనికి పెట్టెను.

1868వ సంవత్సరపు వేసవిలో తండ్రి వానికి శరీరశాస్త్రము నేర్పదలచి, శ్మశానమునకు తీసికొనిపోయి, అచ్చట బయటపడియున్న యెముకలను చూపెను. బాలుడు వానిని బొమ్మలుగా గీయ నారంభించెను. గీయుటకై శ్రద్ధగా చూడవలసివచ్చెను. శ్రద్ధగా చూడగా శాస్త్రమునందే రుచి పుట్టెను. తండ్రి తాను వారించిన చేతినే మెచ్చుకొనెను. లెక్కలపుస్తకము అంచున బొమ్మ గీసిన బాలుని దండించినవారిలో మేమును ఉన్నాము గనుక, ఈ భాగము చదివినప్పుడెల్ల మాకు కొంత సిగ్గు కలుగును.

కహాల్ 1873లో వైద్యపట్టము పొంది, మరుసటియేట సైనికవైద్యుడై క్యూబా ద్వీపమునకు పోయెను. అచ్చట చలిజ్వరముచే మిక్కిలి కృశించి 1875లో తిరిగివచ్చెను. సైన్యములో కూడబెట్టిన సొమ్ముతో నొక సూక్ష్మదర్శినిని కొని, ఇంటనే పరిశోధనలు సాగించెను. 1883లో వలెన్సియా నగరమున ఆచార్యుడయ్యెను.

ఆ కాలపు పండితులలో పలువురు మెదడంతయు నొకే యతుకులేని వలయని తలచిరి. అట్లు తలచుట వింతకాదు. ఒకే పందిరిపై పది బీరపాదులు అల్లుకొనియున్నప్పుడు, ఏ తీగ యే పాదుదో చెప్పగలమా? మెదడు అంతకంటె దట్టమైనది. ఇటలీ దేశస్థుడగు కమిల్లో గోల్జీ 1873లో నొక యుపాయము కనుగొనెను. మెదడు ముక్కను పొటాసియం డైక్రోమేటులో నానబెట్టి, పిదప వెండి నైట్రేటులో ఉంచినయెడల, అనేక కణములలో కొన్ని మాత్రమే నల్లబడి, తమ కొమ్మలతోకూడ కానవచ్చును. పందిరిపై నొక్క పాదునకు మాత్రమే రంగు పూసినట్లని యెరుగుడు. అయినను గోల్జీ వలవాదమును విడువలేదు.

ఈ పద్ధతిని కహాల్ 1887లో మాడ్రిడ్డున లూయీస్ సిమార్రో యను వైద్యునియొద్ద చూచెను. ఆ యేటనే బార్సిలోనాకు మారి, దానిని మెరుగుపరచుటకు పూనుకొనెను. ముక్కలను రెండుమారులు వెండిలో ముంచెను. పెద్దజంతువుల నాడులపై క్రొవ్వుపొర యుండుటచే రంగు సరిగా పట్టదు గాన, కోడిపిండములను, పసిజంతువులను తీసికొనెను. 1888లో పక్షుల చిన్నమెదడును పరీక్షించి, నాడీకణముల తీగల కొనలు పొరుగుకణమును సమీపించుచున్నవే గాని, దానిలో కలిసిపోవుటలేదని ప్రకటించెను. ప్రతి కణమును వేరు.

తన వ్యాసములను అచ్చువేయుటకై స్వంతధనముతో నొక పత్రికను స్థాపించెను. స్పానిషు భాషలో నుండుటచే చదివినవారు కొద్దిమంది. అంతట 1889లో తన సామగ్రితో బెర్లిను నగరమునకు పోయి, శరీరశాస్త్రజ్ఞుల సభలో ఒక్కొక్కరిని పిలిచి చూపెను. పేరుమోసిన కొయెలికర్ పండితుడు చూచి, మెచ్చుకొని, ఆయన పక్షము వహించెను.

కణమునకు చిన్నకొమ్మలు వార్తను గొనితెచ్చునవనియు, పొడవైన తీగ వార్తను పంపునదనియు కహాల్ ఊహించెను. 1891లో వాల్డెయర్ ఈ కణమునకు న్యూరాను అని పేరిడెను. కణముల కూడలికి 1897లో షెరింగ్టన్ సినాప్సు అని పేరిడెను. వార్త తీగవెంట విద్యుత్తుగా సాగును. కొన చేరగానే యొక రసాయనద్రవ్యము వెలువడి, ఎడమును దాటి, ఆవలి కణమును మేల్కొలుపును. నాడులు రసాయనముచే పనిచేయునని 1921లో ఆటో లోయీ కప్పగుండెలతో నిరూపించెను.

1906లో నోబెల్ బహుమానము గోల్జీకిని కహాలుకును కలిపి ఇయ్యబడెను. ఆ సమయమున చేసిన యుపన్యాసమున గోల్జీ న్యూరాను వాదమును ఖండించెను. ఒకే పద్ధతితో పనిచేసిన యిద్దరు ఒకే వేదికపై భిన్నాభిప్రాయులై నిలిచిరి. కహాల్ 1934వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మాడ్రిడ్డులో మరణించెను. పిమ్మట, 1950 తరువాతి యేండ్లలో, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిచే కణముల నడుమ ఎడము ప్రత్యక్షమయ్యెను. అది మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు. కొన్నిచోట్ల కణములను కలుపు సన్నని ద్వారములును కలవని తెలిసెను. కాని మెదడులో ప్రధానమార్గము కహాల్ చెప్పినట్టిదే.

ఆయన గీసిన చిత్రములు నేటికిని వైద్యగ్రంథములలో అచ్చగుచున్నవి. బాలబాలికలారా, మీరు చూచినదానిని శ్రద్ధగా గీయుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ చేతిలోని సీసపుకడ్డిని లాగుకొనుటకు ముందు, వాడేమి గీయుచున్నాడో యొకమారు చూడుడు. మేమును అట్లే చేయ నిశ్చయించుకొన్నాము.